సవరణ: నాన్సీ డ్రూ నవల ముందు కథే, తరువాయి కాదు

నిన్నటి టపాలో ‘నాన్సీ డ్రూ: ది కర్స్’ నవలను, నేరాల గుట్టు విప్పే అమ్మాయి నాన్సీ డ్రూ మీద వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్ మొదటి సీజన్‌కు కొనసాగింపు అని రాశాను. తప్పు. మికోల్ ఆస్టో రాసిన ఈ పుస్తకం సీరియల్‌కు ముందు జరిగిన కథ. సీరియల్ 2019 అక్టోబరులో మొదలైంది, పుస్తకం 2020లో వచ్చింది. తర్వాత వచ్చింది కాబట్టి కథ కూడా తర్వాతదే అనుకున్నాను. అట్ట వెనుక నాలుగు వాక్యాలు చదివినా సరిపోయేది.

తేడా చిన్నదేమీ కాదు. సీరియల్ తెరుచుకునేసరికి నాన్సీ తల్లి పోయి ఉంటుంది. కాలేజీ చదువు అటకెక్కి, ఆ పిల్ల ‘ది క్లా’ అనే హోటల్లో ప్లేట్లు అందిస్తూ ఉంటుంది. ఆ హోటల్ బయటే టిఫనీ హడ్సన్ అనే ధనికురాలు చనిపోతుంది. నవలలోని నాన్సీ ఇంకా హైస్కూల్ విద్యార్థిని. ఆ దెబ్బలేవీ తగలని పిల్ల. తరువాయి అనుకుని చదివితే ఆమె హుషారు ఎబ్బెట్టుగా ఉంటుంది, ముందు కథ అని తెలిస్తే అదే హుషారు గుండె పిండుతుంది.

ఇంకొకటి. ఊరి పేరు రివర్ హైట్స్ అన్నాను. అది 1930లో మొదలైన పాత నాన్సీ డ్రూ పుస్తకాల ఊరు. సీరియల్‌లోనూ ఈ నవలలోనూ ఊరు మెయిన్ రాష్ట్రంలోని హార్స్‌షూ బే.

పాత పుస్తకాల మీద కనిపించే కరోలిన్ కీన్ కూడా నేను రాసినట్టు ఒక రచయిత్రి కాదు, పలువురు పంచుకున్న కలంపేరు. తొలి పుస్తకాలు రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్. పాత టపాలో ఈ మూడూ సరిదిద్దాను.