నగరం తన బావి ఆపేసింది, మరి పక్కవాళ్ల బావులు?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున లా క్రాస్ అని 50 వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న నగరం ఉంది. దాన్ని ఆనుకుని నదుల మధ్య ఫ్రెంచ్ ఐలాండ్ అనే లంక. ఆ లంక ఉత్తరం కొసన లా క్రాస్ నగరానికి చెందిన ఎయిర్‌పోర్టు, దక్షిణం వైపు ఇళ్లు. ఎయిర్‌పోర్టు నగరానిదే అయినా, ఇళ్లలో చాలావరకు నగరం కిందికి రావు, టౌన్ ఆఫ్ క్యాంప్‌బెల్ అనే వేరే స్థానిక సంస్థ కిందికి వస్తాయి. నాలుగు వేల పైచిలుకు జనం. వాళ్లకి కుళాయి నీళ్ల పైపులైను లేదు, మన బోర్ల లాగే ఎవరింటి బావి వాళ్లది.

ఎయిర్‌పోర్టులో విమాన ఇంధనం అంటుకుంటే ఆర్పడానికి వాడే ఒక రకం నురగ ఉంటుంది. దాన్ని ట్రైనింగుల్లోనూ, ప్రమాదాలప్పుడూ దశాబ్దాల పాటు నేల మీద చల్లారు. అందులో పీఎఫ్‌ఏఎస్ అనే రసాయనాలుంటాయి. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం చాలా గట్టిది కాబట్టి అవి నేలలో విరిగిపోవు, నీళ్లతో పాటు ఇసుక పొరల్లోంచి జారి బావుల్లోకి చేరతాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. మరిగించినా పోవు సరికదా, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడతాయి. ఈ రసాయనాల్లో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2023 చివర్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

ఇక అసలు విషయం. లంక మీద నగరానికి కూడా సొంత బావులున్నాయి. 2014లో వాటిలో ఒకదాని నీళ్లలో ఈ రసాయనాలు బయటపడ్డాయి. ఆ తర్వాత నగరం ఆ బావిని వాడడం మానేసింది. మంచి పనే. కానీ అదే లంక మీద, అదే ఇసుక నేలలో, ఇంకా తక్కువ లోతులో నీళ్లు తోడుకుంటున్న ఇళ్ల బావుల్ని పెద్ద ఎత్తున పరీక్షించడం 2020 చివర్లో గానీ మొదలు కాలేదు. మధ్యలో గడిచిన ఆ ఏళ్లన్నీ పిల్లలు ఆ నీళ్లే తాగారు, గర్భిణులు ఆ నీళ్లే తాగారు. చివరికి పరీక్షలు చేస్తే 500కు పైగా బావుల్లో ఈ రసాయనాలు తేలాయి. 2021 మార్చిలో రాష్ట్ర ఆరోగ్య శాఖ లంక మొత్తానికి హెచ్చరిక ఇచ్చింది, ఇళ్లకి బాటిల్ నీళ్లు రావడం మొదలైంది.

నగరం వైపు నుంచి చెప్పుకోదగ్గ వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ఆ నురగ వాడమన్నది ఫెడరల్ విమానయాన నిబంధనలే. ఫ్లోరిన్ లేని నురగకు దారి ఇవ్వమని అమెరికా కాంగ్రెస్ చెప్పిందే 2018లో, దానికి తగిన ప్రమాణం వచ్చిందేమో 2023లో. ఆ నురగ తయారు చేసిన కంపెనీల మీద నగరం కోర్టుకు వెళ్లడం కూడా న్యాయమే. నురగ చల్లినందుకు నేను నగరాన్ని తప్పు పట్టను. నా కోపమంతా 2014 తర్వాత ఏం చేశారన్న దాని మీదే. తన బావి ఆపేసిన వారంలోనే పక్క వీధుల్లో ఒక పాతిక బావుల నీళ్లు పట్టి ల్యాబుకి పంపించి ఉంటే ఎంతయ్యేది? ఒక్కో శాంపిల్‌కి కొన్ని వందల డాలర్లు. ఎయిర్‌పోర్టు నడిపే నగరానికి అదేం పెద్ద ఖర్చు కాదు.

ఎందుకు చేయలేదంటే, చట్టం చేయమనలేదు కాబట్టి. అమెరికాలో తాగునీటి భద్రతా చట్టం ప్రజలకు సరఫరా చేసే నీటి వ్యవస్థలకే వర్తిస్తుంది, ఇంటి బావికి వర్తించదు. ఆ దేశంలో సుమారు 4 కోట్ల మంది ఇళ్లలోని బావుల మీదే బతుకుతున్నారు. విస్కాన్సిన్‌లో 2022 ఫిబ్రవరిలో సహజ వనరుల బోర్డు కుళాయి నీళ్లలో ఈ రసాయనాలకు ఒక పరిమితి ఒప్పుకుంది గానీ, బావులకు పనికొచ్చే భూగర్భజల పరిమితి మాత్రం ఓటింగ్‌లో గట్టెక్కలేదు. పరిహారంలోనూ ఇదే తేడా. ఈ రసాయనాలు తయారు చేసిన త్రీఎం కంపెనీ 2023లో కనీసం 1,030 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకున్నది ప్రజా నీటి సరఫరా సంస్థలకు. ఇంట్లో సొంత బావి తవ్వుకున్న కుటుంబానికి అందులో వాటా లేదు. రాష్ట్ర బడ్జెట్‌లో పీఎఫ్‌ఏఎస్ కాలుష్యం కోసం పక్కన పెట్టిన 12.5 కోట్ల డాలర్ల నిధి కూడా, కాలుష్యానికి బాధ్యత ఎవరిదన్న విషయంలో గవర్నరుకీ శాసనసభకీ పొత్తు కుదరక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది.

మన పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఇది కొత్త కథేమీ కాదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు వాగులో కలిసి బావులు పాడైతే, తాగడానికి మంచి నీళ్లు ఇప్పించమని అక్కడివాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. రసాయనాలు వేరు, దేశం వేరు, కానీ సొంత బావి ఉన్నవాడి పాట్లు రెండు చోట్లా ఒకటే. పాడు చేసింది ఎవరో తెలుసు, అయినా నీళ్లు పాడయ్యాయని రుజువు చేసుకోవాల్సింది, పోరాడాల్సింది మాత్రం తాగినవాళ్లే.

బాటిల్ నీళ్లతో నాకున్న పేచీ కూడా ఇదే. అత్యవసరంగా అవి కావాలి, కాదనను. కానీ వంటకీ, పళ్లు తోముకోవడానికీ, చంటిపిల్లల పాలు కలపడానికీ బాటిళ్లు మోసుకుంటూ ఒక ఊరు ఏళ్లకేళ్లు గడపడమంటే మాటలు కాదు, పైగా ఆ ఇల్లు అమ్ముకుందామన్నా కొనేవాడు ముందు నీళ్ల గురించే అడుగుతాడు. సింక్ కింద ఆర్‌ఓ ఫిల్టర్ పెట్టుకుంటే ఈ రసాయనాలు చాలావరకు తగ్గుతాయి, నిజమే, కానీ దాని ఖర్చూ, మెంబ్రేన్ మార్చే బాధ్యతా మళ్లీ ఇంటివాళ్ల నెత్తినే పడతాయి.

లంకకి శాశ్వతంగా మంచి నీళ్లు రావాలంటే రెండే దారులు. ఇంకా లోతైన రాతి పొరలోంచి టౌన్ సొంతంగా నీళ్లు తోడుకుని పైపులు వేసుకోవాలి, లేదా లా క్రాస్ తన నీళ్లు ఇవ్వాలి. రెండోదానికి పాత గొడవ అడ్డం. టౌన్ భూముల్ని నగరంలో విలీనం చేసుకోవడం మీద నగరానికీ టౌన్‌కీ మధ్య ఎప్పటినుంచో కోర్టు కేసులు నడిచాయి, అందుకే నగరం నీళ్లంటే ఊరు పోతుందేమోనని అక్కడివాళ్ల భయం. ఎయిర్‌పోర్టు తనదైనప్పుడు నగరమే ముందు రాతపూర్వకంగా చెప్పాలి, విలీనం షరతు లేకుండా పైపు వేస్తామని. కంపెనీల నుంచి కేసులో వచ్చే డబ్బుని కూడా మొదట ఆ లంక మీదే ఖర్చు పెట్టాలి.