సవరణ: కిబేరా జనాభా గురించి

నైరోబీ నగర విస్తరణపై గత వారం పెట్టిన పోస్టులో, కిబేరా మురికివాడలో పది లక్షల మంది నివసిస్తున్నారనీ, ఆఫ్రికాలో అదే అతి పెద్దదనీ రాశాను. ఆ అంకె తప్పు. కెన్యా ప్రభుత్వం 2009లో జరిపిన జనగణనలో కిబేరా జనాభా 1,70,070గా తేలింది; ఆ లెక్కలో కొందరు తప్పిపోయారని వాదించేవారున్నా, విడిగా జరిగిన క్షేత్ర సర్వేల అంచనాలు సైతం మూడు లక్షలు దాటలేదు. ఏళ్ల తరబడి పత్రికల్లోనూ కరపత్రాల్లోనూ తిరుగుతున్న అంకెను సరిచూడకుండా ఎత్తిరాయడం నా పొరపాటు. ‘అతి పెద్దది’ అన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను.

అంకె తగ్గినంత మాత్రాన అక్కడి ఇరుకు తగ్గదు. మట్టి గోడల, రేకుల కప్పుల గదులు, ఎదురుపడ్డ ఇద్దరిలో ఒకరు ఒదిగి నిలబడాల్సిన సందులు, ఆ సందుల వెంటే పారే మురుగు గురించి రాసినవన్నీ అలాగే ఉంటాయి.

పక్కనున్న నైరోబీ డ్యామ్ గుర్రపుడెక్కతో (మన చెరువులను కమ్మేసేదే) నిండడానికి కిబేరావాసులే దోషులని నేను అన్నట్టు కొందరు చదివారు. నా ఉద్దేశం అది కాదు. నగరం పెరుగుతున్నా ఆ బస్తీకి దశాబ్దాల పాటు మురుగు పైపులు వేయకపోవడం వల్లనే వ్యర్థాలు వాగుల గుండా ఆ జలాశయంలోకి చేరాయి. 2018లో రోడ్డు కోసం అక్కడి ఇళ్లు కూల్చడం గురించి ఆ పోస్టులో రాసిన భాగంలో మార్పేమీ లేదు.