సైటేషన్లు లెక్కపెడితే శాస్త్రవేత్త స్థాయి తెలిసిపోతుందా?

ఖగోళ భౌతిక శాస్త్రవేత్తల గురించి ఒక వాదన ఈమధ్య తెగ షేర్ అవుతోంది. పరిశోధన పేపర్లు ఎక్కువుంటే పని ఎక్కువ చేసినట్టట. సైటేషన్లు, అంటే ఇతరులు తమ పేపర్లలో ఆ పేపర్‌ను ఉటంకించిన సార్లు, ఎక్కువుంటే చెప్పింది నిజమని తోటివాళ్లు ఒప్పుకున్నట్టట. పేపర్లు, సైటేషన్లు రెండూ కలిపి లెక్కగట్టే హెచ్-ఇండెక్స్ పెట్టి ఎవరినైనా ఎవరితోనైనా పోల్చొచ్చట. సైటేషన్లు రాని పని దండగట. అంకెలు అబద్ధం చెప్పవంటూ ముగింపు.

ముందు పేపర్ల సంగతి. ఈ రంగంలో అందరూ వెతుక్కునేది నాసా నిధులతో నడిచే ఏడీఎస్ డేటాబేస్‌లో. అక్కడ ఒకరి పేరు కొట్టగానే వచ్చే జాబితాలో జర్నల్ పేపర్లొక్కటే ఉండవు. సదస్సుల్లో ఇచ్చిన సారాంశాలు, టెలిస్కోప్ సమయం కోసం పెట్టుకున్న ప్రతిపాదనలు, గామా కిరణాల విస్ఫోటం కనిపించగానే హడావుడిగా పంపే నాలుగు లైన్ల జీసీఎన్ సర్క్యులర్లు కూడా ఉంటాయి. ఇంటిపేరు, పొడి అక్షరం కలిసిన ఇంకొకరి పేపర్లు కూడా వచ్చి చేరొచ్చు. తోటి నిపుణులు పరిశీలించాక అచ్చయినవే చూపించే ‘రిఫరీడ్’ ఫిల్టర్ పెట్టి చూడండి, చాలామంది విషయంలో అంకె గబుక్కున దిగిపోతుంది.

మిగిలినవాటిలోనూ అసలు చిక్కు వేరే ఉంది. గురుత్వ తరంగాలు దొరికాయని 2016 ఫిబ్రవరిలో లైగో బృందం ప్రకటించిన పేపర్‌కు రచయితలు వెయ్యిమందికి పైనే. పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి ప్రపంచమంతా దాన్ని ‘అబాట్, తదితరులు’ అని ఉటంకిస్తుంది. ఆయన ఇంటిపేరు ‘ఏ’తో మొదలవడమే కారణం! వెయ్యిమంది రాసిన పేపర్‌కు 10,000 సైటేషన్లు వచ్చాయనుకోండి. ప్రతి ఒక్కరి ఖాతాలోనూ 10,000 పడతాయి. తలా పంచితే వచ్చేది పదే. ఏడీఎస్ ఇలా పంచిన లెక్క కూడా చూపిస్తుంది, కానీ షేర్ చేసేవాళ్లు దాని జోలికి పోరు.

అలాగని వాళ్లు ఊరికే పేరు పెట్టించుకున్నారని కాదు. ఆ తరంగాలను పట్టే లైగో పరికరంలో అద్దాలు కదలకుండా వేలాడదీసినవాళ్లు, లేజర్ చూసుకున్నవాళ్లు, రొదలోంచి సిగ్నల్‌ను వేరుచేసే కోడ్ రాసినవాళ్లు లేకపోతే ఆ కబురే లేదు. ఎవరు ఏం చేశారన్నది మాత్రం ఆ అంకెలో కనబడదు.

ఇక సైటేషన్ అంటే ఒప్పుకోలు అన్న మాట. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్2 టెలిస్కోప్ బృందం, విశ్వం పుట్టిన క్షణాల నాటి గురుత్వ తరంగాల ఆనవాలు దొరికిందని ప్రకటించింది. దాని మీద పేపర్లు వెల్లువెత్తాయి. 2015 మొదట్లో ప్లాంక్ ఉపగ్రహ డేటాతో కలిపి చూస్తే, ఆ సిగ్నల్‌లో ఎక్కువ భాగం మన పాలపుంత ధూళిదేనని తేలింది. కొలత బాగానే ఉంది, దానికి చెప్పిన అర్థమే నిలబడలేదు. ఆ సైటేషన్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. తప్పని చెప్పడానికి ఉటంకించినా లెక్కలో ఒకటే.

ఇంకో రకం కూడా ఉంది. 1998లో ష్లేగెల్, ఫింక్‌బైనర్, డేవిస్ ఆకాశమంతటా మన పాలపుంత ధూళి ఎంతుందో మ్యాపు వేశారు. దూరపు గెలాక్సీ వెలుగు కొలిచేవాళ్లు ముందు ఈ ధూళి వల్ల తగ్గిన వెలుగును సరిచేసుకోవాలి, అందుకే ఆ పేపర్‌కు వేల సైటేషన్లు. అందరికీ అక్కరకొచ్చిన పని అది. సైటేషన్ ఎక్కువగా చెప్పేది అదే: వాడకం.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 30 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 30 ఉంటే హెచ్ 30. ఒకరు రాసింది ఐదే పేపర్లు, ఒక్కోదానికి 5,000 సైటేషన్లు: హెచ్ 5. ఇంకొకరివి 30 పేపర్లు, ఒక్కోదానికి 30: హెచ్ 30. మొత్తం సైటేషన్లు చూస్తే మొదటివారికి 25,000, రెండోవారికి 900! పైగా ఈ అంకె పెరగడమే గానీ తగ్గడం ఉండదు, కాబట్టి వయసు కూడా కలిసొస్తుంది. ఒకే ఉపశాఖలో, ఒకే వయసువాళ్ల మధ్య అయితే కొంత పనికొస్తుంది, కాదనను. పెద్ద బృందంలో పనిచేసేవారిని ఒంటరిగా సిద్ధాంతం రాసుకునేవారితో పోలిస్తే మాత్రం అర్థం లేదు.

సైటేషన్లు రాని పని దండగన్న పాయింటుకు జవాబు భారతీయ శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా. నక్షత్రాల వాతావరణంలో పరమాణువులు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతవరకు అయనీకరణం చెందుతాయో, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో చెప్పే సమీకరణం ఆయన 1920లో ఇచ్చారు. ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ 1925లో దాన్ని పట్టుకునే నక్షత్రాల్లో హైడ్రోజన్ విపరీతంగా ఉందన్న లెక్కకు చేరారు. నేడు ఆ సమీకరణం పాఠ్యపుస్తకాల్లో, సాఫ్ట్‌వేర్‌లో కలిసిపోయింది. వాడేవాళ్లలో ఎంతమంది 1920 నాటి పేపర్‌ను ఉటంకిస్తారు? చంద్రశేఖర్ 1931లో రాసిన రెండు పేజీలదీ అదే కథ. తెల్ల మరుగుజ్జు నక్షత్రానికి ఉండగల గరిష్ఠ ద్రవ్యరాశిని అందరూ ‘చంద్రశేఖర్ అవధి’ అనేసి ముందుకెళ్తారు.

ఎవరి గురించైనా నిజంగా తెలుసుకోవాలంటే ఏడీఎస్‌లో పేరు ముందు క్యారెట్ గుర్తు (^) పెట్టి వెతకండి, మొదటి రచయితగా రాసినవే వస్తాయి. వాటిలో రెండు మూడు తెరిచి సారాంశం చదవండి. అక్షరక్రమం పాటించే పెద్ద బృందాలవాళ్లకు ఈ చిట్కా పనిచేయదు. వాళ్ల పనేంటో ఆ బృందంలో తెలిసినవాళ్లను అడగాల్సిందే.