గుర్రాలు పెంచారు సరే, గేర్‌బాక్స్‌కి నిజం చెప్పారా?

హనుమకొండలో కార్ల పిచ్చి ఉన్న నలుగురు కుర్రాళ్లు ఒకచోట చేరితే ఇప్పుడు మైలేజీ ముచ్చట రాదు. "స్టేజ్ వన్ కొట్టించినవా? ఎన్ని గుర్రాలు పెరిగినయ్?" అన్నదే మొదటి ప్రశ్న. స్టేజ్ వన్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చి, అంటే రీమ్యాప్ చేసి, పవర్ పెంచడం. గుర్రాలంటే హార్స్‌పవర్. హైదరాబాద్ రోడ్డు నాలుగు వరసలయ్యాక, అమెరికా సంపాదనా గ్రానైట్ సంపాదనా షోరూంల దారి పట్టాక, వరంగల్, కరీంనగర్‌లలో టర్బో ఆటోమేటిక్ కార్లు వింత కాదు. కొన్న ఏడాది తిరక్కముందే ఇంజిన్ కంప్యూటర్‌లో వేలు పెట్టించుకునే ఓనర్లూ వింత కాదు. గేర్‌బాక్స్ సంగతేంటని అడిగితే మాత్రం "అది సీల్డ్ అన్నా, దాంతో పని లేదు" అంటారు.

ఆ మాటతోనే నాకు పేచీ. ఆటోమేటిక్ బండిలో పవర్ పెంచాలనుకుంటే మొదటి రూపాయి గేర్‌బాక్స్ మీద పెట్టాలి. అది కూడా రేసు కన్వర్టర్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఆయిల్‌తో కలిపే భాగం) కొనడానికి కాదు. ఆయిల్‌కి, కూలింగ్‌కి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి. ఇక మనవాళ్లకు బాగా ఇష్టమైన ట్యూనింగ్ బాక్స్ ఉంది చూడండి, సర్వీసింగ్‌కి పోయేముందు ఊడదీసి డిక్కీలో దాచుకునే చిన్న డబ్బా, ఆటోమేటిక్‌కి చేయించే మార్పులన్నింట్లోకీ అది చెడ్డది. ఎందుకో చెబుతాను.

ముందుగా, రెండే పెడల్స్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒక జాతి కావు. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కే పని మనకు బదులు యంత్రం చేస్తుంది. హోండా సిటీలోది సీవీటీ, అంటే విడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచేది. స్లావియా, వర్టస్‌ల 1.5 లీటర్ టర్బోకి తోడుగా వచ్చిన డీఎస్‌జీ రెండు పొడి క్లచ్‌ల బాక్స్. దీని లెక్క ఒకసారి చూడాలి. డీక్యూ200 అనే ఆ బాక్స్ తట్టుకునే టార్క్ (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ ఇంజిన్ ఇచ్చేదీ సరిగ్గా 250. షోరూం గేటు దాటేసరికే కాగితం మీద మిగులు సున్నా. దాని మీద స్టేజ్ వన్ చేయించేవాళ్ల ధైర్యానికి దండం పెట్టి, టార్క్ కన్వర్టర్ బండ్ల దగ్గరికి వద్దాం. ఇన్నోవా క్రిస్టా, థార్, స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ700, హారియర్, బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ ఆటోమేటిక్‌లన్నీ ఈ కోవలోవే.

కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ఉంటుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ని విసురుతుంది, ఆ తాకిడికి ఎదురుగా ఉన్న టర్బైన్ తిరుగుతుంది. తిరిగొచ్చే ఆయిల్‌ని మధ్యలోని స్టేటర్ ఇంపెల్లర్‌కి కలిసొచ్చే దిక్కుకు మళ్లిస్తుంది. ఆ స్టేటర్ పుణ్యాన, నిలబడ్డ బండి కదలబోయేటప్పుడు ఇంజిన్ టార్క్ దాదాపు రెట్టింపై గేర్‌బాక్స్‌లోకి పోతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పట్టుకుని ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ ఒక్కటి చేస్తుంది. ఆలోచన పాతదే. 1905లో హెర్మన్ ఫాటింగర్ అనే జర్మన్ ఇంజినీర్ ఓడల కోసం పేటెంట్ చేశాడు. 1948లో బ్యూక్ డైనాఫ్లో దాన్ని మామూలు కార్లలోకి తెచ్చింది.

అమెరికా డ్రాగ్ రేసుల వీడియోలు చూసి మనవాళ్లు పట్టుకునే మాట స్టాల్ స్పీడ్. బ్రేక్ బిగబట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ ఒక ఆర్‌పీఎం దగ్గర నిలిచిపోతుంది, అదే స్టాల్. (ఇంటి ముందు ప్రయోగం చేయకండి. ఐదు సెకన్లు మించకూడదని సర్వీస్ మాన్యువళ్లు ఊరికే చెప్పవు. ఆ కాసేపూ ఇంజిన్ పవరంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది.) అక్కడి పాత వీ8 ఇంజిన్లకు పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) వేస్తే కింది ఆర్‌పీఎంలో జీవం ఉండదు. అందుకే చిన్న వ్యాసం ఉన్న కన్వర్టర్ వేసి, స్టాల్‌ని 3,000కో 4,000కో ఎక్కించి, పవర్ ఉన్న చోటు నుంచే బండిని వదులుతారు. మన టర్బో ఇంజిన్లకు 1,500, 1,800 దగ్గరే టార్క్ నిండుగా దొరుకుతుంది. వీటికి హై స్టాల్ కన్వర్టర్ వేస్తే ఊళ్లో తిరిగినంతసేపూ ఇంజిన్ అరుస్తుంది, బండి నిదానంగా కదులుతుంది, ఆయిల్ ఉడుకుతుంది. ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ పోటీకి పోయేవాళ్లకు అది అవసరం కావచ్చు. హనుమకొండ హంటర్ రోడ్డు ఎయిర్‌స్ట్రిప్ కాదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. స్టాల్ అనేది కన్వర్టర్ మీద చెక్కిన నంబర్ కాదు, వెనక ఉన్న ఇంజిన్ టార్క్‌ని బట్టి మారుతుంది. టార్క్ వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్ వెనక 2,000 దగ్గర నిలిచే కన్వర్టర్, అదే ఇంజిన్‌ని 320కి పెంచితే దాదాపు 2,260 దగ్గర నిలుస్తుంది. అంటే రీమ్యాప్‌తోనే స్టాల్ కొంత పెరుగుతుంది, వేరే డబ్బు పెట్టనక్కర్లేదు. దాంతో పాటు పెరిగే వేడికి మాత్రం డబ్బు పెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లను ఆయిల్ ప్రెషర్ నొక్కిపడుతుంది. ఎంత ప్రెషర్ ఇవ్వాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ తేలుస్తుంది. దానికి ఇంజిన్ టార్క్ ఎంతో తెలియాలి కదా, ఆ సంగతి ఇంజిన్ కంప్యూటర్‌ని అడుగుతుంది. ట్యూనింగ్ బాక్స్ చేసే పనేమిటంటే, టర్బో ప్రెషర్ సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని అసలు కంటే తక్కువ రీడింగ్ చూపించడం. ప్రెషర్ చాలలేదనుకుని ఇంజిన్ ఇంకాస్త నెడుతుంది. ఇంజిన్ కంప్యూటర్ మాత్రం నేనిస్తున్నది 250 అనే నమ్ముతుంది, గేర్‌బాక్స్‌కీ అదే చెబుతుంది. నిజంగా పోతున్నది 300 పైన. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీకి నలభై కిలోల మిర్చి బస్తా అని చెప్పి అరవై నింపి నెత్తికెత్తితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మోయలేక కాదు, ముందే తెలిస్తే కాళ్లు బిగబట్టేవాడు.

చవక రీమ్యాప్‌లోనూ ఇదే లోపం ఉండొచ్చు. ఫైల్ రాసినవాడు టర్బో ప్రెషర్ పెంచి, టార్క్ లెక్కల పట్టికను సరిచేయకుండా వదిలేస్తే గేర్‌బాక్స్‌కి అందేది తప్పుడు కబురే. మంచి ట్యూనర్ రెండు కంప్యూటర్లనూ కలిపి చూస్తాడు. పెరిగిన టార్క్‌ని నిజాయితీగా చూపిస్తాడు, లైన్ ప్రెషర్ (క్లచ్‌లను నొక్కే ఆయిల్ ప్రెషర్) పెంచుతాడు, మొదటి రెండు గేర్లలో టార్క్‌కి కళ్లెం వేస్తాడు, లాకప్‌ని కాస్త ముందుగా పట్టిస్తాడు. దీనికి ఖర్చు ఎక్కువే. అయినా నా దృష్టిలో ఆటోమేటిక్‌కి అసలైన అప్‌గ్రేడ్ ఇదే. మిగతాదంతా దీని తర్వాత.

తప్పుడు కబురుతో తిరిగే బండి వెంటనే పాడవదు. అందుకే ట్యూనింగ్ బాక్స్‌కి అంత మంచి పేరు. క్లచ్‌లు ఎంత జారుతున్నాయో గేర్‌బాక్స్ కంప్యూటర్ స్పీడ్ సెన్సర్ల ద్వారా గమనిస్తూ కొంతవరకు ప్రెషర్‌ని సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకి ఒక హద్దు ఉంది. హద్దు దాటాక ముందు తేలేది సాధారణంగా లాకప్ క్లచ్. 60, 80 స్పీడ్‌లో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుంది. అది ఇంజిన్ మిస్‌ఫైర్ లాగే ఉంటుంది కాబట్టి మెకానిక్ ప్లగ్గులు మారుస్తాడు, వీల్ బ్యాలెన్సింగ్ చేస్తాడు, ఇంజిన్ మౌంట్లు మారుస్తాడు. ఈలోపు లాకప్ క్లచ్ నుంచి రాలిన పొడి ఆయిల్‌లో కలిసి ఆయిల్‌ని క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లోకి, కరెంటుతో పనిచేసే దాని వాల్వులైన సోలెనాయిడ్లలోకి చేరుతుంది. అప్పుడు గేర్ మారేటప్పుడు జర్క్, ఆ తర్వాత ఒక రోజు లింప్ మోడ్, అంటే బండి తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుని కుంటుతూ నడవడం.

వేడి దగ్గర మన ప్రాంతానిది ప్రత్యేకమైన కష్టం. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లార్చేది ఇంజిన్ కూలెంటే. కూలెంటే 90 డిగ్రీల మీద ఉంటే ఆయిల్ అంతకంటే చల్లగా ఎక్కడ ఉంటుంది? 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని ట్రాన్స్‌మిషన్ పనివాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఆ లెక్కన 113 దగ్గర ఎనిమిదో వంతే మిగులుతుంది. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు అంతకంటే మెరుగే కానీ వేడి ఆయిల్‌ని తినేస్తుందన్నది మారలేదు. మేలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. మేడారం జాతరకు ఎండలు ఇంకా ముదరవు కానీ పస్రా దాటాక గంటల కొద్దీ ఫస్ట్ గేర్‌లో పాకాలి. లాకప్ పట్టే వేగం రాదు, ఎదురుగాలి ఉండదు, కన్వర్టర్ అదేపనిగా ఆయిల్‌ని చిలుకుతూనే ఉంటుంది. పవర్ పెంచిన బండికి నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ కంటే ఈ పాకుడే గట్టి పరీక్ష.

అందుకే రేడియేటర్ ముందు థర్మోస్టాట్‌తో పనిచేసే విడి ఆయిల్ కూలర్ ఒకటి పెట్టించడం తెలివైన పని. బయట 45 ఉన్నా, 100 దాటిన ఆయిల్‌కి ఆ గాలి చల్లనిదే. అన్నట్టు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఈ ఖర్చు పెట్టకముందే అది మానుకోవాలి. ఉప్పు పేరుకుంటే కూలెంట్ దారులు మూసుకుపోతాయి, తుప్పు పట్టి లోపలి కూలర్ చిల్లుపడితే నీళ్లూ గేర్‌బాక్స్ ఆయిలూ కలిసిపోతాయి. క్లచ్ ప్లేట్ల మీద అంటించిన కాగితపు లైనింగ్‌కి నీటి కంటే పెద్ద శత్రువు లేదు.

ఇక "సీల్డ్, లైఫ్‌టైమ్" మాట. బీఎండబ్ల్యూల్లో వచ్చే ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. బండి అమ్మినవాడు జీవితాంతం అంటే ఎవరి జీవితమో అడగాలి. రీమ్యాప్ చేయించిన బండికి నేనైతే 50,000 దగ్గరే మార్పించమంటాను. ఆ బాక్స్‌లో ఫిల్టర్ అడుగునుండే ప్లాస్టిక్ పాన్ (ఆయిల్ తొట్టి)లోనే కలిసి ఉంటుంది, పాన్‌తో సహా మార్చాల్సిందే. పాన్ దించినప్పుడు ఓనర్ పక్కనే నిలబడి చూడాలి. అడుగున ఉన్న అయస్కాంతాల మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే భయపడనక్కర్లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య గరుకుగా తగిలే ముక్కలు, మెరిసే పెళ్లలు కనబడితే లోపల ఏదో లోహపు భాగం అరిగిపోతోంది. ఆయిల్ చుక్కని తెల్ల టిష్యూ మీద వేసి చూస్తే నల్లగా, మాడు వాసనతో ఉందంటే క్లచ్‌లు కాలాయి. ఆ స్థితిలో కొత్త ఆయిల్ పోసి రీమ్యాప్‌కి వెళ్లడం దండగ.

ఇందులో మన ఎండతో ముడిపడ్డ చిక్కు ఒకటుంది. ఈ బాక్స్‌లో లెవెల్ చూసేటప్పుడు ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండాలి. జర్మనీలో అది తేలిక. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబెట్టిన బండిలో ఆయిల్ అప్పటికే 40 దగ్గర ఉంటుంది, ఇంజిన్ ఆన్ చేసి గేర్లు తిప్పేలోగా 50 దాటుతుంది. వేడికి ఆయిల్ వ్యాకోచించి ప్లగ్గులోంచి కారిపోతుంది, నిండిందనుకుని మూసేస్తారు. చల్లారాక చూస్తే తక్కువ. ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి, స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్ చూస్తూ చేయాలి. స్కానర్ లేకుండా చేస్తానన్నవాడికి బండి ఇవ్వొద్దు.

మరి కన్వర్టర్‌ని అసలు ముట్టుకోకూడదా అంటే, బాక్స్ దించాల్సి వచ్చినప్పుడు తప్పకుండా ముట్టుకోవాలి. స్టాల్ కంపెనీదే ఉంచి, లోపలి రెక్కలు కదలకుండా బ్రేజింగ్ చేయించి (లోహంతో అతికించి), ఒక్క ప్లేటు లాకప్ స్థానంలో రెండు మూడు ప్లేట్లది వేయించి, గట్టి కవర్ పెట్టించుకోవచ్చు. కోసి తెరిచి, మళ్లీ వెల్డ్ చేసి, బ్యాలెన్స్ చూడాల్సిన పని ఇది. తెలిసినవాళ్ల కోసం మనవాళ్లు హైదరాబాద్‌కో ఇంకా దూరానికో పోతున్నారు. షోరూంలో అడిగితే అసెంబ్లీ మొత్తం మార్చాలని లక్షల్లో ఎస్టిమేట్ చేతికిస్తారు. ఇంతమంది మెకానికల్ ఇంజినీర్లను తయారుచేసే ఊరిలో కన్వర్టర్ రీబిల్డ్ పని ఒక మంచి వ్యాపారం అవుతుందని నా నమ్మకం.

టార్క్ కన్వర్టర్ అంటే ముసలివాళ్ల గేర్‌బాక్స్ అనేవాళ్లకు కంపెనీల లెక్కలే జవాబు. 2020 థార్ పెట్రోల్‌లో మాన్యువల్‌కి 300 న్యూటన్ మీటర్లు ఇచ్చి ఆటోమేటిక్‌కి 320 ఇచ్చారు. ఎక్స్‌యూవీ700 డీజిల్‌లో మాన్యువల్‌కి 420, ఆటోమేటిక్‌కి 450. బీఎండబ్ల్యూ ఎం5 అయితే 2017లో డ్యూయల్ క్లచ్‌ని వదిలేసి కన్వర్టర్ బాక్స్‌కి వచ్చింది. బరువు మోయడంలో దీనికి తిరుగులేదు, మోయించేది ఎంతో దానికి చెప్పాలంతే.

చివరిగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు. కరీంనగర్, వరంగల్ మార్కెట్‌లోకి వచ్చే పవర్‌ఫుల్ ఆటోమేటిక్‌లలో కొన్ని అమ్మకానికి ముందు మళ్లీ కంపెనీ ఫైల్‌కి మారిపోతాయి, ట్యూనింగ్ బాక్స్ ఉంటే ఊడిపోతుంది. ఇంజిన్‌లో ఆనవాలు దొరక్కపోవచ్చు, గేర్‌బాక్స్‌లో దొరుకుతుంది. ఆయిల్ చుక్క చూడండి, 60 స్పీడ్‌లో కాలు తేలిగ్గా పెట్టి పది నిమిషాలు నడపండి. స్కానర్ పెట్టించి గేర్‌బాక్స్ అడాప్టేషన్ విలువలు, అంటే క్లచ్‌ల కోసం కంప్యూటర్ చేసుకున్న సర్దుబాట్ల లెక్కలు, చదివించండి. క్లచ్‌ల విలువలు హద్దుల దగ్గరికి చేరి ఉంటే ధర తగ్గించమనాలి. అరవై వేలు తిరిగిన బండిలో అవన్నీ నిన్ననే రీసెట్ చేసినట్టు సున్నాలు చూపిస్తుంటే, ఎందుకు చేయించారో ఓనర్ చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.