వంద రోజుల పసివాడే ఎందుకు? హాన్ సింహాసనం, పుట్టింటివాళ్ళ పెత్తనం

క్రీ.శ. 106 ఫిబ్రవరిలో ఒక రాత్రి, చైనా హాన్ సామ్రాజ్యానికి రాజధాని అయిన లువోయాంగ్‌లో హె చక్రవర్తి చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళవాడు. కొడుకులు పుడుతున్నారు, పోతున్నారు, ఈ అంతఃపురంలో ఉంచితే పిల్లలు దక్కరని భయపడి చివర్లో పుట్టినవాళ్ళని బయట ఇళ్ళలో దాచి పెంచారు. మిగిలినవాళ్ళలో పెద్దవాడు లియు షెంగ్, వాడికి ఎప్పటినుంచో ఏదో జబ్బు ఉందన్నారు. చిన్నవాడు లియు లోంగ్, పుట్టి వంద రోజులు దాటిందంతే. రాణి డెంగ్ సుయి ఆ చిన్నవాడిని తెప్పించి ఆ రాత్రే చక్రవర్తిని చేసింది.

సెప్టెంబరుకల్లా ఆ బిడ్డ కూడా పోయాడు. ఇప్పుడైనా పెద్దవాడి వంతు రావాలి కదా? షెంగ్ జబ్బు మరీ అంత పెద్దదేం కాదని కొలువులో అప్పటికే చాలామందికి అర్థమైపోయింది. కానీ డెంగ్ సుయి లెక్క వేరు. ఒకసారి కాదని పక్కన పెట్టినవాడిని ఇప్పుడు గద్దె ఎక్కిస్తే, ఆ సంగతి మనసులో పెట్టుకుని రేపు మన మీదికే వస్తాడు. అందుకని తన బావగారి కొడుకు, పదమూడేళ్ళ లియు హూని పిలిపించింది. చరిత్రలో ఇతనే ఆన్ చక్రవర్తి.

ఈ ఘటన దగ్గర ఆగి చూస్తే తూర్పు హాన్ (క్రీ.శ. 25లో మళ్ళీ నిలబడిన రెండో దశ హాన్) కథంతా ఇందులోనే కనిపిస్తుంది. మామూలుగా మనం చదివేది ఏమిటంటే, హాన్ చక్రవర్తులు వరుసగా చిన్న వయసులో చనిపోయారు, పసిపిల్లలు గద్దెనెక్కారు, పాపం ఆ దురదృష్టం వల్ల వంశం కూలిపోయింది అని. నాకు ఇది తలకిందుల వివరణలా అనిపిస్తుంది. చావులు దురదృష్టమే, ఒప్పుకుందాం. పసిపిల్లలు మాత్రం దురదృష్టం కొద్దీ రాలేదు, వాళ్ళని ఏరి కోరి తెచ్చారు.

ఒకసారి వరుస చూడండి. క్రీ.శ. 25లో వంశాన్ని మళ్ళీ నిలబెట్టిన గ్వాంగ్‌వు ముప్పై దాటాక చక్రవర్తి అయ్యాడు, కొడుకు మింగ్ ముప్పైలో, మనవడు జాంగ్ పందొమ్మిదిలో. అక్కడితో పెద్దవాళ్ళు అయిపోయారు. ఆ తర్వాత హె పదేళ్ళకి, షాంగ్ (పైన చెప్పిన పసికందు) వంద రోజులకి, ఆన్ పదమూడుకి, షున్ పదకొండుకి, చోంగ్ రెండుకి, ఝి ఎనిమిదికి, హువాన్ పదిహేనుకి, లింగ్ పన్నెండుకి, చివరివాడు షియాన్ తొమ్మిదికి. ఇవన్నీ పుట్టగానే ఒక ఏడు అని మొదలుపెట్టే చైనా లెక్కలు, అంటే మన లెక్కలో ఒకటి తగ్గించుకోవచ్చు. మధ్యలో కొన్ని నెలలే కూర్చున్న ఇద్దరిని నేను వదిలేశాను, వాళ్ళూ కుర్రవాళ్ళే.

నూటపాతికేళ్ళకు పైగా ఒక్కసారి కూడా పాతికేళ్ళు దాటిన మనిషి గద్దె ఎక్కలేదు. రాజవంశంలో పెద్దవాళ్ళు లేకనా? బోలెడుమంది ఉన్నారు. లియు ఇంటిపేరుతో రాజ్యమంతా సంస్థానాలు ఏలుకుంటూ పెద్ద పెద్ద మీసాలతో తిరుగుతూనే ఉన్నారు.

అసలు కీలకం ఎవరి చేతిలో ఉందో చూడాలి. చక్రవర్తి వారసుడిని ప్రకటించకుండా చనిపోతే ఎంపిక చేసేది ఆయన భార్య, అంటే కొత్త రాజమాత. చక్రవర్తి అయినా తల్లి మాట జవదాటకూడదన్నది అక్కడి ధర్మం, కన్నతల్లి కాకపోయినా సరే, తండ్రి పట్టపురాణే తల్లి. వారసుడు చిన్నవాడైతే ఆవిడే కొలువు నడుపుతుంది. అయితే ఆవిడ పరాయి మగవాళ్ళయిన మంత్రులతో రాత్రింబవళ్ళు కూర్చుని మంతనాలు చేయలేదు, మరి బయటి పనులకి నమ్మకస్తుడెవరు? అన్న, లేదా తండ్రి. పుట్టింటివాళ్ళు. ఆ అన్నకి మహాసేనాపతి పదవి, తమ్ముళ్ళకి జాగీర్లు, బంధువులకి జిల్లాలు. ఈ వైభవమంతా ఎన్నాళ్ళు? కుర్రవాడు పెద్దవాడయ్యేదాకా. కాబట్టి కుర్రవాడు ఎంత చిన్నవాడైతే అంత మంచిది, ముప్పై ఏళ్ళవాడిని తెచ్చి కూర్చోబెడితే పుట్టింటివాళ్ళు మర్నాడే మూటాముల్లె సర్దుకోవాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఆ యుగం చరిత్ర రాసిన ఫాన్ యే అయిదో శతాబ్దంలోనే కుండబద్దలు కొట్టాడు. నలుగురు చక్రవర్తులని బయటి శాఖల నుంచి తెచ్చారు, ఆరుగురు రాజమాతలు కొలువు నడిపారు, అధికారం ఎక్కువ కాలం ఉండాలని పసిపిల్లల మీద ఆశపడ్డారు, తెలివైనవాళ్ళని తొక్కిపెట్టారు అని. అయితే ఫాన్ యేతో నాకొక పేచీ ఉంది, అది తర్వాత.

పిల్లవాడు పెరుగుతాడు కదా. తన చుట్టూ ఉన్నవాళ్ళంతా రాజమాత మనుషులేనని వాడికి పన్నెండు పదమూడేళ్ళకే తెలుస్తుంది. మంత్రులు కలవడానికి రాలేరు, వచ్చినా పక్కన మేనమామ వరసవాడు నిలబడి ఉంటాడు. ఇక రాత్రీ పగలూ తోడుండేది, బట్టలు తొడిగేది, అన్నం పెట్టేది నపుంసకులైన అంతఃపుర సేవకులే. వాళ్ళకి పెళ్ళాం పిల్లలు లేరు, పుట్టింటి అత్తింటి గొడవ లేదు, ప్రాణం మొత్తం ఆ కుర్రవాడి మీద ఆధారపడి ఉంటుంది. హె చక్రవర్తి కూడా ఇలాంటి సేవకులనే నమ్ముకున్నాడు. రాజమాత డౌ అన్న డౌ షియాన్ అంటే మాటలు కాదు, 89లో ఉత్తర షియోంగ్‌నూ అనే సంచార తెగలవాళ్ళని మంగోలియా దాకా తరిమి అక్కడి కొండరాయి మీద తన విజయాన్ని చెక్కించుకున్న సేనాపతి. అంతటివాడిని 92లో, పద్నాలుగేళ్ళ కుర్రాడు జెంగ్ జోంగ్ అనే సేవకుడి సాయంతో పడగొట్టాడు. అప్పటినుంచి చివరిదాకా ఇదే వరస. రాజమాత చిన్నవాడిని తెస్తుంది, ఆవిడ అన్న ఏలుతాడు, చిన్నవాడు పెరిగి సేవకులతో కలిసి అతన్ని పడగొడతాడు, ముప్పై ఆరు దాటకుండానే తనూ పోతాడు, అతని భార్య ఇంకో చిన్నవాడిని తెస్తుంది.

ఈ చక్రం కింద ఎవరెవరు నలిగారో చూస్తే ఒక పేరు దగ్గర ఆశ్చర్యం వేస్తుంది. కాగితం తయారీ పద్ధతిని 105లో కొలువుకి సమర్పించిన త్సాయ్ లున్ గుర్తున్నాడా, బడిలో చదువుకున్న పేరు. ఆయనా అంతఃపుర సేవకుడే. కుర్రవాడిగా ఉన్నప్పుడు, 82లో, డౌ రాణి (పైన చెప్పిన రాజమాత డౌ, అప్పటికింకా రాణి) చెప్పినట్టు విని సోంగ్ అనే మరో రాణి మీద చేతబడి నేరం మోపే విచారణ నడిపాడు, ఆ రాణి విషం తాగి చచ్చిపోయింది. ఆవిడ కొడుకు యువరాజు పదవి పోగొట్టుకున్నాడు. నలభై ఏళ్ళు గడిచాయి. డెంగ్ సుయి ఏరి తెచ్చిన ఆన్ చక్రవర్తి ఉన్నాడే, అతను ఆ సోంగ్ రాణికి సొంత మనవడు. 121లో డెంగ్ సుయి కన్నుమూయగానే త్సాయ్ లున్‌కి న్యాయశాఖ ముందు హాజరు కమ్మని ఆజ్ఞ వచ్చింది. ఆయన తలస్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని, విషం తాగాడు.

డెంగ్ సుయి అప్పటికి పదిహేనేళ్ళు ఏలింది. ఆన్‌కి ఇరవై ఏడొచ్చినా పగ్గాలు ఇవ్వలేదు. చక్రవర్తి పెద్దవాడయ్యాడు, ఇక అప్పగించండమ్మా అని డు గెన్ అనే చిన్న అధికారి అర్జీ పెట్టుకుంటే, పట్టుసంచీలో వేసి కొలువులోనే కొట్టి చంపమంది. అతను పేరున్నవాడని ఎరిగిన అధికారి చాటుగా చెప్పడంతో కొట్టేవాళ్ళు గట్టిగా కొట్టలేదు. బయట పడేశాక నిజంగా చచ్చాడా లేదా అని చూడటానికి మనుషులొస్తే, అతను మూడు రోజులు శవంలా కదలకుండా పడి ఉన్నాడట, కళ్ళలో పురుగులు పట్టేదాకా. తర్వాత పారిపోయి ఒక సారా దుకాణంలో పదిహేనేళ్ళు కూలి పని చేశాడు.

ఫాన్ యేతో నా పేచీ ఇక్కడే. పాత చరిత్రకారులందరికీ ఆడవాళ్ళ పెత్తనమే రోగమూలం. డెంగ్ సుయి మాత్రం చెడ్డ పాలకురాలు కాదు, కరవులూ వరదలూ వరసపెట్టిన కాలంలో అంతఃపురం ఖర్చులు కోసి ధాన్యం పంచింది, తన బంధువులు తప్పు చేస్తే కాపాడొద్దని అధికారులకి చెప్పింది. రోగం ఆ కుర్చీలో ఉంది. మంత్రుల చేతిలో ఉండాల్సిన అధికారాన్ని గ్వాంగ్‌వు చక్రవర్తే లాగి కొలువు లోపలి కార్యాలయానికి చేర్చాడు, పెద్ద మంత్రులకి బిరుదులూ జీతాలూ మిగిలాయి. తను బలవంతుడు కాబట్టి ఆయనకి అది బాగానే నడిచింది. తర్వాత ఆ లోపలి గదికి తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళదే రాజ్యం.

పోనీ ఈ ప్రమాదం వాళ్ళకి తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. పడమటి హాన్ (అంతకుముందటి మొదటి దశ హాన్) కాలంలో, క్రీ.పూ. 180లో, లూ రాణి పుట్టింటివాళ్ళని ఊచకోత కోశాక మంత్రులు కొత్త చక్రవర్తిని వెతికారు. మొదట అనుకున్న చి సంస్థానాధిపతి యోగ్యుడే, కానీ అతని మేనమామ పరమ దుర్మార్గుడని తీసేశారు. వెన్‌ని ఎంచుకున్నారు, ఎందుకంటే అతని తల్లి తరఫువాళ్ళు నెమ్మదస్తులు. పెళ్ళిచూపుల్లో పిల్ల వాళ్ళ మేనమామల గురించి వాకబు చేసినట్టు చేశారన్నమాట! అదృష్టం బాగుండి వెన్ గొప్ప చక్రవర్తి అయ్యాడు. అదే పడమటి హాన్‌లో తర్వాత వచ్చిన వు చక్రవర్తి అయితే ఇంకా క్రూరంగా ఆలోచించి, ఏడెనిమిదేళ్ళ చిన్న కొడుకుని వారసుడిగా అనుకున్నాక వాడి తల్లిని ముందే చంపించాడు. చాలాకాలం తర్వాత ఉత్తర వెయ్ వంశం దీన్నే పద్ధతిగా పెట్టుకుంది, యువరాజు తల్లి చావాల్సిందే అని. అయినా ఏం లాభం, కన్నతల్లి పోతే పెంచిన ఆవిడ రాజమాత అయి కూర్చుంది.

తూర్పు హాన్‌లో ఈ ఆట ముదిరిపోయింది లియాంగ్ జీ కాలంలో. ఇతని చెల్లెలు షున్ చక్రవర్తి భార్య. షున్ ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్ళ చోంగ్, గద్దెనెక్కి కొన్ని నెలలకే పోయాడు, అది ఎవరి తప్పూ కాదు. అప్పుడు మంత్రి లి గు, చింగ్‌హె సంస్థానాధిపతి లియు సువాన్ పెద్దవాడు, నెమ్మదైనవాడు, అతన్ని తెద్దామన్నాడు. లియాంగ్ జీ వినకుండా ఎనిమిదేళ్ళ ఝిని తెచ్చాడు. ఆ పిల్లవాడికి నోరు ఎక్కువ. ఒకరోజు నిండుకొలువులో లియాంగ్ జీని చూసి "ఈయన పొగరుబోతు సేనాపతి" అనేశాడు. 146 వేసవిలో పిల్లవాడి తిండిలో విషం కలిసింది. కడుపు మెలిపెడుతుంటే లి గుని పిలిపించాడు. ఉడికించిన పిండివంటకం తిన్నాను, కడుపు బిగుసుకుపోతోంది, నీళ్ళు తాగితే బతుకుతాను అన్నాడు. పక్కనే నిలబడి ఉన్న లియాంగ్ జీ, నీళ్ళు తాగితే వాంతవుతుంది, ఇవ్వద్దు అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే పిల్లవాడు పోయాడు. లి గు శవం మీద పడి ఏడ్చాడు.

మళ్ళీ ఎంపిక. లి గు మళ్ళీ సువాన్ పేరే చెప్పాడు, ఈసారి కొలువులో చాలామంది ఆయన వైపే. ఆ రాత్రి త్సావో టెంగ్ అనే అంతఃపుర సేవకుడు లియాంగ్ జీ ఇంటికి వెళ్ళాడు. సువాన్ కఠినమైన మనిషి, అతనొస్తే నీ పని అయిపోయినట్టే, లివు జాగీరుదారు లియు ఝిని (చనిపోయిన ఝి కాదు, వేరే మనిషి) తెస్తే నీ సంపద పదికాలాలు ఉంటుంది అని చెప్పాడు. ఆ లియు ఝికి అప్పటికే లియాంగ్ వాళ్ళ ఇంకో చెల్లెలితో పెళ్ళి మాటలు అయిపోయాయి, పదిహేనేళ్ళ కుర్రాడు. తెల్లారేసరికి లియాంగ్ జీ గట్టిగా నిలబడ్డాడు, మంత్రులు చల్లబడ్డారు, లి గు మరుసటి ఏడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ కుర్రాడే హువాన్ చక్రవర్తి.

పదమూడేళ్ళు హువాన్ నోరు మెదపలేదు. 159లో ఒకరోజు మరుగుదొడ్డికి వెళ్ళి, వెంట వచ్చిన సేవకుడిని అడిగాడు, మనవాళ్ళలో లియాంగ్ కుటుంబమంటే పడనివాళ్ళెవరున్నారని. ఆ ప్రాసాదం మొత్తంలో చక్రవర్తికి ఎవరూ వినకుండా మాట్లాడుకునే చోటు అదొక్కటే! అయిదుగురు సేవకులు తేలారు. వాళ్ళలో ఒకడి చేతిని కొరికి, ఆ నెత్తురుతో ఒట్టు వేయించుకున్నాడు. లియాంగ్ జీ ఇంటిని చుట్టుముట్టాక అతనూ భార్యా ఆత్మహత్య చేసుకున్నారు, ఆస్తి అమ్మితే 300 కోట్ల నాణేలు వచ్చాయి, ఆ ఏడాది దేశం మొత్తం మీద పన్నుల్లో సగం తగ్గించేశారు. అయిదుగురు సేవకులకీ ఒకే రోజు జాగీర్లు.

జాగీరు అంటే తర్వాతివాళ్ళకి ఇవ్వగలగాలి, మరి నపుంసకులకి పిల్లలేరీ? దత్తత తీసుకున్న కొడుక్కి ఇచ్చుకోవచ్చని 135లోనే అనుమతి వచ్చింది. ఆ రాత్రి లియాంగ్ జీ ఇంటికి వెళ్ళొచ్చిన త్సావో టెంగ్ కూడా, హువాన్‌ని గద్దెనెక్కించినందుకు జాగీరు పొందాడు, ఒకడిని దత్తత తీసుకున్నాడు. ఆ దత్తపుత్రుడి కొడుకు త్సావో త్సావో. 189లో హె అనే ఇంటిపేరున్న రాజమాత అన్నని అంతఃపుర సేవకులు చంపి, అతని పక్షంవాళ్ళు ఆ సేవకులని చంపి ప్రాసాదం ఖాళీ చేశాక, దిక్కులేని షియాన్ చక్రవర్తిని చివరికి గుప్పిట్లో పెట్టుకున్నది అతనే. మంచి పాఠం నేర్చుకున్నవాడు కదా, తన కూతురు త్సావో జియేని తెచ్చి 215లో చక్రవర్తి పక్కన పట్టపురాణిగా కూర్చోబెట్టాడు. హాన్ వంశానికి చిట్టచివరి పుట్టింటివాళ్ళు వీళ్ళే.

220లో త్సావో త్సావో చనిపోయాక కొడుకు త్సావో పీ గద్దె తనకే కావాలన్నాడు. అంటే వంశాన్ని దింపింది బావమరిది. రాజముద్ర కోసం మనుషులని పంపితే, అది దాచుకున్న త్సావో జియే ఇవ్వనంది. మళ్ళీ పంపాడు, మళ్ళీ లేదంది. చాలాసార్లు తిరిగాక, ఆ ముద్రని విసిరికొట్టి, ఏడుస్తూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడడని శపించింది. తన అన్న మనుషులనే. భర్త జాగీరుదారుగా షాన్‌యాంగ్‌లో మిగిలిన రోజులు గడిపి 234లో చనిపోయాడు. ఆవిడ 260 దాకా బతికింది. భర్త సమాధిలోనే ఉంచారు ఆవిడని, బండీ బట్టలూ తంతూ అన్నీ హాన్ పద్ధతి ప్రకారమే.