కదలని కారులో సుఖప్రయాణం

గత ఆదివారం జరిగిన ఈ సంగతి మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికే చేరిపోయింది కనుక, మిగిలిన సగం మందికైనా సరైన రూపంలో చేరాలని నేనే రాస్తున్నాను. నా దగ్గర చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2012 నాటి జర్మన్ లగ్జరీ సెడాన్ ఉంది. దాదాపు అంతే డబ్బు పెట్టి మా బావమరిది ఈ మధ్య కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నాడు. రెండింటిలో ఏది మేలో తిరుచానూరు వెళ్ళి వచ్చేలోగా తేల్చేద్దామని సవాలు విసిరినవాణ్ణి నేనే.

బయలుదేరే ముందు గేటు దగ్గర చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అతని బండి పొడవు 3,995 మిల్లీమీటర్లు. మారుతి బ్రెజాను కొలిచినా, హ్యుందాయ్ వెన్యూను కొలిచినా అంతే వస్తుంది. నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు 2006 కేంద్ర బడ్జెట్టులో పన్ను తగ్గించారు కాబట్టి, అయిదు మిల్లీమీటర్లు మిగుల్చుకుని కంపెనీలన్నీ అక్కడే ఆగిపోయాయి. ‘‘నీది డిజైనరు గీసిన కారు కాదు, ఆర్థిక మంత్రి గీసిన కారు’’ అన్నాను. నా కారు దానికంటే దాదాపు రెండు మూరలు పొడవు. అతను ఏమీ అనకుండా వంగి, తన బండి కింద జాన పెట్టి చూపించాడు. తరువాత నా కారు కింద పెట్టబోయి, చెయ్యి పట్టక, నవ్వి ఊరుకున్నాడు.

మా కాలనీ మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తున, 3.7 మీటర్ల వెడల్పున, బండి ఎక్కి దిగినట్టు తెలిసీ తెలియకుండా ఉండాలి. మా అసోసియేషన్ అధ్యక్షులవారు మాత్రం తమ ఇంటి స్లాబుకు పోయగా మిగిలిన కాంక్రీటును వృథా చేయడం ఇష్టం లేక, రెండడుగుల వెడల్పులో ఏడంగుళాల ఎత్తు లేపి, దానికి పసుపు రంగు కూడా వేయించారు. రోజూ ఒంటరిగా వెళ్ళేటప్పుడు నేను దాన్ని ఐమూలగా దాటేవాణ్ణి. ఆదివారం కారులో అయిదుగురం ఉన్నామన్న సంగతి తట్టలేదు. ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు ఎక్కలేదు, నడుమ ఉన్న కారు పొట్ట గట్టు మీద సుఖంగా ఆనుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలు అక్కడ పోసి ఉన్న ఇసుకలో తిరుగుతున్నాయి, డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ పసుపు రంగులో మిణుకుమిణుకుమంటోంది.

ఈ కారు గొప్పతనం నిశ్శబ్దమని రెండేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలిసింది. వెనక సీటులో అరమోడ్పు కన్నులతో గోవింద నామాలు చెప్పుకుంటున్న మా అత్తగారు, ‘‘ఎంత మెత్తంగా పోతా ఉండాది నాయనా! కదల్తా ఉండేదే తెలీడం లేదు’’ అన్నారు. ఆ ఒక్క మెప్పు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న నేను, నిజం చెప్పలేక ‘‘అవునత్తయ్యా’’ అన్నాను. ఇంకాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి కిటికీలోంచి చూసి, ‘‘ఈ కాలంలో ఎవురింటి ముందర చూసినా ఇదే మందారచెట్టు, ఇదే తెల్లకుక్క’’ అని నిట్టూర్చారు. ఆ మందారచెట్టు అధ్యక్షులవారిది. ఆ కుక్క కూడా వారిదే. నా భార్య ముందు సీటులో కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిస్తోంది. ‘‘ఇంకెంత దూరం నాయనా?’’ అని అడిగితే, ‘‘దగ్గరికొచ్చేశాం’’ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఇంతలో, మేం వెనక రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చిన మా బావమరిది, ఆవిడ పక్క అద్దం మీద వేలితో కొట్టాడు. ఆవిడ కొడుకును చూసి, మళ్ళీ నన్ను చూసి, నిజమైన ఆశ్చర్యంతో అడిగారు: ‘‘వీడేంది నాయనా, నడస్తానే మనకి సమంగా వస్తా ఉండాడు?’’

కారు ఎలా దిగిందో, అందుకు టీకొట్టు బెంచీ ఎందుకు కావలసివచ్చిందో చెప్పను. తిరుచానూరుకు ఎస్‌యూవీలోనే వెళ్ళాం. వెనక సీటు నడుమ నేను, నా ఒడిలో కొబ్బరికాయల సంచీ. అదే స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు నా తల పైకప్పుకు తగిలింది, కానీ బండి దాటింది.

నిన్న అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అధ్యక్షులవారు ఒక ఫోటో పెట్టారు: నా కారు అడుగు గీరుకుని స్పీడ్ బ్రేకర్ పెచ్చు ఊడిందట, మరమ్మతుకు 1,500 రూపాయలు నేనే కట్టాలట. కట్టాను. రసీదు ఇంకా ఇవ్వలేదు.