పొట్టి బీపా, పొడుగు బీపా?

కంప్యూటర్ ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. లేచినా కాసేపటికి నీలం తెర. పోయింది ర్యామో, మదర్‌బోర్డో తేలాలి. ర్యామ్ కంపెనీవాళ్లు బోర్డన్నారు, బోర్డు కంపెనీవాళ్లు ర్యామన్నారు. అలిగిన వియ్యంకుల మధ్య పెళ్లిళ్ల పేరయ్యలా తయారయ్యాను.

నిన్న బోర్డువాళ్ల హెల్ప్‌లైన్‌లో ఓ కొత్త కుర్రాడు తగిలాడు. "ఆన్ చేసినప్పుడు బీప్ ఎలా వస్తోంది సార్? పొట్టిగానా, పొడుగ్గానా?"

ఏది చెడిందో బోర్డు బీపులతో చెబుతుంది. కానీ బీప్ రావాలంటే స్పీకరుండాలి. బోర్డు మీద దానికి పిన్నులైతే ఉన్నాయి గానీ, వేలెడంత స్పీకరు ఇవ్వడానికి మాత్రం వాళ్లకు చేతులు రాలేదు. ఆ మాటే చెప్పాను. "వస్తుంది సార్, చెవి దగ్గరగా పెట్టి వినండి" అన్నాడు. అతని ముందున్న ఫారంలో బీప్ గడి నిండితే గానీ తర్వాతి గడి తెరుచుకోదట!

సరే, బల్ల కిందికి దూరాను. ఒక చెవికి ఫోను, రెండో చెవి క్యాబినెట్‌కి. ఫ్యాన్ మీది దుమ్మంతా చెవిలోకే. అసలు ఈ బీపుల్లో ఒకరి మాట ఒకరికి పొసగదు. కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం బయోస్, అది కంపెనీకో రకం. పాత అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొట్టి బీప్ అంటే అంతా క్షేమం. పాత ఏఎంఐ కంపెనీ బయోస్‌లో అదే బీప్ వస్తే మెమరీకి, అంటే ర్యామ్‌కి, జరగాల్సిన రిఫ్రెష్ చెడినట్టు. నాది ఏ బయోసో ఆ మహానుభావుడు అడిగితేనా!

ఇంతలో బీప్! "వచ్చింది!" అని లేవబోతే బల్ల నెత్తికి తగిలింది.

"పొట్టిదేనా సార్?"

"పొట్టిదే అనుకుంటా."

"ఒకసారి అని వినిపించండి."

బీప్ అన్నాను.

"ఇంకొంచెం గట్టిగా సార్."

అన్నాను. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఎప్పట్నుంచో తెలీదు. "ర్యామే సార్, కన్ఫర్మ్" అని కుర్రాడు ఫోన్ పెట్టేశాడు.

విసుగొచ్చి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. మళ్లీ బీప్!

"ఆ యూపీఎస్ మొన్నట్నుంచీ అరుస్తోంది, బ్యాటరీ మార్చండి" అంది మా ఆవిడ.

రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టాను. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, అంటే ర్యామ్ గుచ్చే గాడిలో, ఏ ర్యామ్ స్టిక్ పెట్టినా శుభ్రం. నాలుగో స్లాటులో ఏది పెట్టినా తెర నిండా ఎర్రెర్రగా తప్పులు. తప్పు స్టిక్‌తో పాటు కదల్లేదు, స్లాటునే పట్టుకుంది. ఇక బోర్డే దొంగ అని ఫోన్ చేస్తే ఇంకో కుర్రాడు ఎత్తి, "మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది కదా సార్" అన్నాడు. కాదనడానికి లేదు. ర్యామ్‌ని నడిపే ఆ కంట్రోలర్‌ని ప్రాసెసర్ కంపెనీలు ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో ప్రాసెసర్‌లోకి మార్చేశాయి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్ను వంగినా ఇదే తంతు. కానీ సాకెట్ బోర్డుదే కదా నాయనా అనేలోపు లైన్ కట్.

ఇప్పుడు ప్రాసెసర్‌వాళ్ల లైన్‌లో ఉన్నాను. వారంటీకి తొమ్మిది నొక్కాలట. రికార్డింగ్‌లో ఆవిడ ఇంకా ఆరు దగ్గరే ఉంది.